చీనా సిరాచిత్రమున క్రొత్తత్రోవ

ప్రాచీనకళను సంస్కరింపగోరువారికి రెండు ప్రమాదములు గలవు: పూర్వులను అనుకరించుట, పరులను అనుకరించుట. 1932లో చీనాదేశమున జన్మించిన చిత్రకారుడు లియూ గువోసుంగ్ ఈ రెంటిని దాటినవాడు. 1949లో తైవాను ద్వీపము చేరి, అచ్చట తైలవర్ణములతో పాశ్చాత్యుల నవ్యపద్ధతుల నభ్యసించి, 1956లో మిత్రులతో గూడి ‘అయిదవనెల సంఘము’ను నెలకొల్పెను. కాని పరానుకరణము పూర్వానుకరణమునకు మందు గాదని గ్రహించి, 1960 తరువాత తిరిగి కాగితమును, సిరాను చేపట్టెను.

ఆయన పద్ధతి యెట్టిది? మోటునారలుగల కాగితముపై సిరాను వెడల్పుగా పూసి, పిమ్మట పైనారలను ఒలిచివేయును. ఒలిచినచోట తెల్లనిగీతలు మెఱయును. పూర్వులు కొండల మడతలను కుంచెతో వ్రాసిరి. ఈయన వానిని కాగితములోనుండియే వెలికి దీసెను. నిర్దిష్టరూపము లేకున్నను, చూపరికి మంచుకొండలు, మేఘములు స్ఫురించును.

1968లో అపోలో 8 నుండి తీసిన భూగోళపు ఛాయాచిత్రముల ప్రేరణచే 1969 నుండి వ్రాసిన చిత్రములు ఇంత గభీరములు గావు. అందలి గోళము అర్థమును ముందే చెప్పివేయును; చూపరికి వెదకుపని మిగులదు.

కుంచెగీతయే సంప్రదాయమని నమ్మువారికి నారలొలుచుట అపచారముగా తోచవచ్చును. కాని సాధనమును కాపాడినంతమాత్రమున సంప్రదాయము బ్రదుకునా? ఇచ్చట పనిముట్టు మాఱినది. కొండను చూచు చూపు మాత్రము చీనావారిదే.