వృద్ధుల సంరక్షణ సేవలు: పరిశోధనా సాక్ష్యం - కొలమానం

వృద్ధుల సంరక్షణ సేవలను పరిశోధనా ఫలితాల ఆధారంగా తీర్చిదిద్దాలన్న అభిప్రాయాన్ని కాదనేవారు అరుదు. అయితే ఏ ఫలితాన్ని కొలమానంగా స్వీకరించాలన్న దానిపైనే సేవ స్వరూపం ఆధారపడి ఉంటుంది. డిమెన్షియాకు సంబంధించి గోవాలో జరిగి, 2008లో ప్రచురితమైన అధ్యయనం ఇందుకు చక్కని నిదర్శనం.

ఆ అధ్యయనంలో 81 కుటుంబాలను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఆరు నెలలపాటు ఇంటి వద్దనే సహాయం అందించారు. ఇళ్లకు వెళ్లినవారు వైద్యులు కారు. శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు. వ్యాధి స్వభావాన్ని వివరించడం, రోగి ప్రవర్తనను ఎదుర్కొనే తీరు తెలపడం వారి ప్రధాన విధులు. దీనివల్ల సంరక్షకుల మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. వారి వేదన తగ్గింది. రోగుల ప్రవర్తనలో, దైనందిన సామర్థ్యంలో కనిపించిన మార్పు మాత్రం గణాంకపరంగా నిర్ధారించదగినంత లేదు. రోగి స్థితినొక్కటే కొలిచి ఉంటే ఈ ప్రయత్నం విఫలమైనట్లే నమోదయ్యేది.

ఈ అంశం విధాన రూపకల్పనకు కీలకమైనది. 2023లో వెలువడిన జాతీయస్థాయి అంచనా ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. పట్టణాలకంటే గ్రామాలలో, పురుషులకంటే స్త్రీలలో దీని వ్యాప్తి అధికం. అందువల్ల జిల్లా ఆసుపత్రిలోని పడకల సంఖ్యతో మాత్రమే సేవను అంచనా వేయడం సరికాదు. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ఉపకేంద్రాల స్థాయిలో గృహసందర్శనలను, కుటుంబ సంరక్షకులకు శిక్షణను కూడా నిర్దేశించింది. ఆ నిర్దేశాన్ని ఆచరణలో పెట్టే పద్ధతిని గోవా అధ్యయనం చూపింది.

అయినా దానిని యథాతథంగా అనుకరించడం శాస్త్రీయం కాదు. 81 కుటుంబాలు, ఆరు నెలల కాలం, ఒక చిన్న రాష్ట్రం అన్నవి దాని పరిమితులు. తెలుగు ప్రాంతాలలో వృద్ధులకు చేసే సేవను ఋణం తీర్చుకోవడంగా భావించడం పరిపాటి. ఆ భావన వెనుక భార్య, కూతురు లేదా కోడలు పడే అలసట ఫిర్యాదుగానైనా బయటకు రాదు. కనుక ఆమె స్థితిని కూడా కొలిచే క్షేత్ర పరిశోధన ఇక్కడ జరగాలి. సంరక్షకురాలు కుంగిపోయిన ఇంట వృద్ధులకు అందే సంరక్షణ ఎంతోకాలం నిలవదు.