పాత ఛాయాచిత్రములు – పల్లె, రైలు, వంతెన

శాసనమును పఠించువారు మొదట లిపిని, పిమ్మట భాషను, అటుపిమ్మట దానిని వేయించినవాని యుద్దేశమును విచారింతురు. పాత ఛాయాచిత్రము నెడ మాత్రము మనమీ శ్రద్ధ చూపుట లేదు. ఒకమాఱు చూచి, ముచ్చటపడి, పుట త్రిప్పుదుము. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి సీమల తెలుగువారికి ఇది ప్రత్యేకముగ విచార్యము. మన పూర్వుల వ్రాతకు ఆధారములు గలవు. 1905లో లూయీ రైసు ప్రకటించిన కోలారు జిల్లా శాసన సంపుటమున తెలుగు శాసనములును జేరియున్నవి. వారి ముఖములకు ఆధారము మిక్కిలి స్వల్పము. చింతామణి చెంతనున్న కైవారమున తెలుగు కన్నడములు రెంటను కీర్తనలు రచించిన నారాయణప్ప తాతయ్యగారు 1836లో సిద్ధిపొందిరని సంప్రదాయము. ఛాయాగ్రహణవిద్య లోకమునకు వెల్లడియైనది 1839లో. కాన ఆయన పటములన్నియు భక్తుల భావనలే.

పోల్చి చూచుటకు ముందుగ ఇంగ్లండు చిత్రములను గైకొందము. అచట ఫ్రాన్సిస్ ఫ్రిత్ 1860 ప్రాంతమున సంస్థ నొకదానిని నెలకొల్పి, ఊరూరి దృశ్యములను తీయించి విక్రయించెను. 1897లో సర్ బెంజమిన్ స్టోన్ జాతీయ ఛాయాచిత్ర సంగ్రహమునకై యొక సంఘము స్థాపించెను. ఇట్టి చిత్రములలోని గడ్డికప్పు టిండ్లు, చర్చి శిఖరము, ఏటిపై రాతివంతెన చూచినవారికి ఆ పల్లెలు నిత్యశాంతికి నెలవులని తోచును. కాని ఆ దేశపు పల్లెలలోనే కూలి చాలక సేద్యపుకూలీలు 1872లో జోసెఫ్ ఆర్చి నాయకత్వమున సంఘముగ నేర్పడిరి. ఆ యాకలి ఈ చిత్రములందు కానరాదు. పెక్కింట వీధులే నిర్జనములు. అందుకు కొంతవఱకు యంత్రమే కారణము. తొలినాళ్ల తడిపలకపై బింబము నిలుచుటకు కొన్ని సెకండ్లు పట్టెడిది. గోడ స్పష్టముగ వచ్చును, నడచు మనిషి మసకయై మాయమగును. రైలును నిలిపి తీయుటకును ఇదియే హేతువు. వేగముగల ఎండుపలకలు వచ్చిన పిదపను వీధి నిర్జనముగనే యున్నచో ఆ దోషము యంత్రముది కాదు, తీసినవానిదియు కొన్నవానిదియు.

ఈ తీరునకు భిన్నముగ నడచినవాడు లెస్టరు నగరపు ఎస్. డబ్ల్యు. ఎ. న్యూటన్. 1890వ దశకమున గ్రేట్ సెంట్రల్ రైల్వేవారు లండనునకు క్రొత్తమార్గము వేయుచుండగా, కట్టడము పొడవునను తిరిగి అతడు చిత్రములు తీసెను. వంతెన కమానులను, కట్టలను, కోతలను వదలలేదు. అయిన నతని చిత్రములకు ప్రాణము మట్టిత్రవ్విన కూలీలు. పారలు చేతబట్టి వారు కెమెరాకు ఎదురుగ నిలిచిరి. వారి గుడిసెలును, ఆలుబిడ్డలును చిత్రములకెక్కిరి. మార్గమునకు అడ్డమై కూల్చబడు నిండ్లను సైత మతడు గుర్తించెను. రైలు ప్రగతియని పొగడినవారెందఱో. ప్రగతికి మోకాళ్లలోతు బురదలో నిలిచినవాని ముఖమిట్టిదని చూపినవారు కొందఱే. 1899లో తెఱవబడిన ఆ మార్గమున ప్రధానభాగము 1960వ దశకమున మూతపడెను. రైలు పోయినది, కూలివాని చూపు నిలిచినది. న్యూటను గొప్పతన మిందే యున్నదని నా యభిప్రాయము.

ఇక మన తెలుగునాటి మాట. గోదావరిపై రాజమహేంద్రవరముకడ 56 అంకణములతో నిర్మింపబడి 1900లో రాకపోకలకు తెఱవబడిన హేవలాక్ వంతెనకు మద్రాసు గవర్నరు పేరు నిలిచినది. ఇంజనీరు వాల్టను పేరును చరిత్ర కెక్కినది. 1997లో దానిపై రైళ్లు నిలిపివేయబడినవి. నదీగర్భమున నూతులు దించి పునాదులు వేసినవారి పేర్లెవ్వరికి దెలియును? ఆనాటి రైల్వే చిత్రములలో మనవాడు కానవచ్చినను, స్తంభ మెంత యెత్తో తెలుపు కొలబద్దగనే నిలుపబడినట్లుండును. చిత్రము క్రింద దూలపు కొలత యుండును, వాని పేరుండదు.

మన సీమలో ఈ లోపము మఱింత నొచ్చుకొనదగినది. రెండడుగుల ఆఱంగుళముల యిఱుకుదారి రైలు బౌరింగుపేటనుండి కోలారునకు 1913లోను, యశవంతపురమునుండి దేవనహళ్లి మీదుగ చిక్కబళ్లాపురమునకు 1915లోను వచ్చెను. కోలారునుండి చింతామణి, శిడ్లఘట్టలను దాటి చిక్కబళ్లాపురమును కలియుట మఱుసటి యేటి మాట. దివానుపదవియందున్నవారు ముద్దేనహళ్లిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. కోలారు మార్గమున జిల్లాబోర్డు ధనము గలదు. బోర్డుధనమనగా రైతు కట్టిన పన్నేకదా! అయినను ఈ మార్గపు పాతచిత్రములుగ నాకు చూడ లభించినవానిలో ఇంజనును, స్టేషనును ఉన్నవి గాని, వేరుసెనగ బస్తాతో నెక్కిన రైతు లేడు. పేర్లును తిన్నగ లేవు. బౌరింగు దొర పేరున వెలసిన బౌరింగుపేట నేటి బంగారపేట యని తెలియని పిల్లవాడు ఆ చిత్రము తన యూరిదే యని యెట్లెఱుగును? నంది ‘నండీద్రూగ్’ అయినది.

బాగేపల్లి సంగతి వేఱు. అచటికి నేటివఱకు రైలు రాలేదు. రైలువెంట వచ్చిన కెమెరాయు రాలేదు. చిత్రావతి మన కొండలలో పుట్టి బాగేపల్లి మీదుగ తెలుగుదేశమునకు పోవుచున్నది. ఆ రేవును దాటిన బండ్లకు, సంతలకు సాక్ష్యము ముసలివారి మాటలే.

ఇవి పరులు తీసిన చిత్రములు, మనకేల యనువారు గలరు. నాకది సమ్మతము గాదు. తీసినవాడు దృష్టిపెట్టనిది కూడ పలకపై పడును. నడుమనున్న ఇంజనును విడిచి అంచులు చూడుడు: బండిచక్రపు కట్టు, కంబళి కప్పిన తీరు, చింతచెట్టు నీడన దింపిన గంప, స్టేషను పలకపై లిపి. ఈ మార్గము 2013 నాటికి పూర్తిగ పెద్దదారియై, పాత యానవాళ్లు చెదరిపోయిన పిదప ఆ యంచులకే విలువ హెచ్చినది. మన యిండ్లలో పెండ్లిపటముల వెనుక, బడిపటముల వెనుక ఖాళీస్థలము గలదు. అవ్వ తాతలు కన్నులు కానవచ్చుచుండగనే, ఎవరు, ఏ యూరు, ఏ యేడు అను మూడుమాటలు వారి నడిగి, తెలుగునను కన్నడమునను పెన్సిలుతో, పటము గీటుపడకుండ మెల్లగ వ్రాయవలెను. సిరా పనికిరాదు; అది కాగితమును దాటి ముఖముపై కెక్కును.