ఫోటో పోటీలు: మార్కులు బొమ్మకా, నిజానికా?

ఫోటోల పోటీలో న్యాయనిర్ణేతలు ముఖ్యంగా చూసేవి వెలుగునీడలు, కూర్పు, చూడగానే మనసును పట్టుకొనే గుణం. వందల చిత్రాలు వరుసగా కళ్ల ముందు నుంచి సాగిపోతుంటే, మొదటి చూపులో నిలిచినదానికే మార్కులు పడతాయి. ఇది తప్పనము. కాని తీర్పు అక్కడితో ముగిసినదనుకోవడం లోపమని మా అభిప్రాయం.

2009లో లండన్ వన్యప్రాణి ఫోటో పోటీలో, గేటు మీదుగా దూకుతున్న తోడేలు చిత్రానికి ప్రథమ బహుమతి వచ్చింది. అది మచ్చిక చేసిన జంతువై ఉంటుందని నిర్ణేతలు భావించి 2010 జనవరిలో దానిని రద్దు చేశారు. ఫోటో తీసినాయన మాత్రం కాదన్నాడు. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో బెల్జియంలోని షార్లెరువా పట్టణంపై గెలిచిన చిత్రమాలలో ఒకటి బ్రస్సెల్స్‌లో తీసినదని తేలి, ఆ బహుమతీ పోయింది. 2023లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్ కళాకారుడు, సోనీ పోటీలో గెలిచిన తన చిత్రం కృత్రిమ మేధతో చేసినదని తానే చెప్పి బహుమతి నిరాకరించాడు. మూడింటిలోనూ కూర్పుకు లోటు లేదు. లోటు ఉన్నది బొమ్మ వెనుక కథలో. దానిని కన్ను పట్టలేదు, అడిగి తెలుసుకోవలసిందే.

మన మారిషస్ వారికి ఇది దూరపు గొడవ కాదు. 1867 చట్టం వల్ల ఒప్పందం ముగిసిన కూలీలు ఫోటో ఉన్న చీటీని వెంట ఉంచుకోవలసి వచ్చింది. నాటి వలస రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నవి. కళాదృష్టితో చూస్తే ఆ ముఖచిత్రాలకు మార్కులు రావు. కాని పేరు, నంబరు, స్వగ్రామం తోడున్నప్పుడు అవి మన ముత్తాతలవుతాయి. ఆ ఫోటో ఎవరు, ఎందుకు తీశారో తెలిస్తేనే ఆ చూపులోని బిగువు మనకు అర్థమవుతుంది.

కనుక ఉగాదికి ఫోటో పోటీ పెట్టే సంఘాలకు మా సూచన ఇది. ఎక్కడ, ఎప్పుడు తీసినది, అందులోని వారి అంగీకారం ఉన్నదా అన్నది వ్రాయించుకోవలెను. నిర్ణేతలు ముందు బొమ్మ చూచి మార్కులు వేసి, తరువాత ఆ కాగితం చదివి మళ్లీ చూడవలెను. ఒక ముసలమ్మ తలపై అరువు గంప పెట్టి చెరకు తోటలో నిలబెట్టి తీస్తే, దానిని నాటక చిత్రంగా వేరే విభాగంలో ఉంచవచ్చు. మన పెద్దల బ్రతుకని మాత్రం బహుమతి ఇవ్వరాదు. రేపు మన పిల్లలు దానినే చరిత్ర అనుకొంటారు.