పావు చుట్టు

పాప పై దవడ ఇరుకుగా ఉందని, ఎనిమిదేళ్లకే ప్లేటు పెట్టాలన్నారు డాక్టరు. పాలపళ్లన్నీ ఊడనేలేదు, ఇప్పుడే ఎందుకని అమ్మ సణిగింది. అంగిలి మధ్య అతుకు ఈ వయసులో ఇంకా గట్టిపడదు, అందుకే ఇప్పుడన్నమాట.

నన్ను కట్టిపడేసింది ల్యాబులో ఆ ప్లేటు చేసినాయన చెయ్యి. 0.7 మిల్లీమీటర్ల స్టీలు తీగను పట్టకారుతో వంచి, పంటి అచ్చు మీద ఆనించి చూసి, పెన్సిలుతో గుర్తుపెట్టి మళ్లీ వంచుతాడు. ఒకేచోట పదేపదే వంచితే తీగ పుటుక్కుమంటుంది. ఆ తీగతో చేసే, దవడపంటిని పట్టుకునే కొక్కెం పేరు ఆడమ్స్ క్లాస్ప్. నాకైతే కంసాలి ముక్కుపుడక చేస్తున్నట్టే ఉంది. గులాబీరంగు అక్రిలిక్ నడుమ చిన్న స్క్రూ. పావు చుట్టు తిప్పితే ప్లేటు వెడల్పయ్యేది సుమారు పావు మిల్లీమీటరు.

ఆదివారం ఆ తిప్పే పని నాది. ప్లేటు మళ్లీ పెట్టుకున్నాక, పాప కాసేపు చక్కెరను "తక్కెర" అంటుంది.