నరసన్నపేటలో రూటరు, స్విచ్చుల విద్య

ఇటు శ్రీకాకుళమునకును అటు టెక్కలికిని నడుమ, జాతీయ రహదారి నంటుకొని వర్తకముతో కళకళలాడు నరసన్నపేటలో నేడు బట్టలకొట్టు మొదలు ఆసుపత్రి వఱకు, రైసుమిల్లు మొదలు కళాశాల వఱకు, పద్దు వ్రాయుటయు రశీదు చించి యిచ్చుటయు కంప్యూటరు మీదనే సాగుచున్నవి. ఆ కంప్యూటర్లను లోలోపల ఒకదానితో నొకటి కలుపునది స్విచ్చు. ఆ సమూహము నంతటిని వెలుపలి ప్రపంచముతో కలుపునది రూటరు. ఈ రెంటి నెన్నుకొని తీర్చిదిద్దు పనికి, సిస్కో సంస్థ కాలిఫోర్నియాలో పుట్టిన 1984 నాటినుండి లెక్కించినను, నలుబదియేండ్ల సంప్రదాయము కలదు. కాని పెట్టె కొని, తీగ గ్రుచ్చి, పచ్చదీపము వెలిగెను గనుక పని ముగిసినదని తలంచువారే మనలో మెండు.

ఎన్నికలో మొదటి మెలకువ అట్టపెట్టెపై అచ్చువేసిన వేగమును నమ్మకుండుట. 24 పోర్టుల గిగాబిట్ స్విచ్చు అన్ని పోర్టులను ఒక్కసారిగా రెండు దిక్కులను నడుపవలెనన్న దాని కడుపులో సెకనునకు 48 గిగాబిట్ల సత్తువ యుండవలెను. ప్యాకెట్లనబడు సమాచారపు తునకలు అతి చిన్నవైనచో సెకనునకు సుమారు 3 కోట్ల 57 లక్షలు దాటింపగలుగవలెను. ఈ రెండంకెలును డేటాషీటులో నుండును. అవి లేని స్విచ్చును కొనకుండుటే మేలు. రూటరు విషయమునను ఇట్లే, ఫైర్‌వాల్ మొదలగు కాపుదలలు నడచుచుండగా ఎంత వేగమో అడుగవలెను గాని, అవి ఆపియుంచి కొలిచిన వేగము మనకు పనికిరాదు.

కెమేరాలకు కరెంటును గూడ నెట్ తీగలోనే పంపు స్విచ్చుల సంగతి మఱియు సూక్ష్మము. 2003 నాటి ప్రమాణము ననుసరించి పోర్టు ఒక్కంటికి గరిష్ఠముగా 15.4 వాట్లు; ఇరువదినాలుగింటికి 370 వాట్లకు కొంచెము తక్కువ. అదే ఆకారమున 190 వాట్ల సరఫరా గల స్విచ్చు చవుకగా దొరకును. పగలంతయు నిక్షేపముగా పనిచేయును. చీకటిపడి కెమేరాలు తమ ఇన్‌ఫ్రారెడ్ దీపములు వెలిగించుకొనగనే, భారమోర్వలేక ఒక్కొక్క కెమేరా ఆరిపోవును. దొంగకు పగటికంటె రాత్రి ప్రియమని కొనునాడే తలంపవలసియుండెను!

తీర్చిదిద్దుటలో ప్రధానమైనది విభజన. ఆసుపత్రిలో రోగుల వైఫై, రక్తపరీక్షల యంత్రములు, బిల్లుల కంప్యూటర్లు, కెమేరాలు, అన్నియు ఒకే స్విచ్చున నున్నను, ఒకే కప్పుక్రింద వేరుపడి పొయ్యిలు వేఱైన అన్నదమ్ములవలె ఒకరి వంటింట నొకరు అడుగిడకుండ చేయునది వీలాన్ పద్ధతి. ఒక వీలాను నుండి వేఱొక దానికి పోవలసిన ప్యాకెట్టు రూటరు తలుపు తట్టియే పోవలెను. ఎవరిని పోనిచ్చుట, ఎవరిని ఆపుట అన్న విచారణ అచటనే జరుగును. 1998లో ప్రమాణముగా వెలసిన ఈ పద్ధతిలో 4094 విభాగముల వఱకు అవకాశము కలదు. మనవంటి ఊరి ఆసుపత్రికి నాలుగైదు చాలును.

ఇక స్విచ్చులకు గల పరమశత్రువు చుట్టుమార్గము. గోడవారగా వ్రేలాడు తీగకొనను చూచి, ఊడిపోయినదనుకొని, పాపము ఊడ్చుటకు వచ్చిన కుఱ్ఱవాడు ఖాళీ పోర్టున గ్రుచ్చును. ఆ తీగ రెండవ కొన అప్పటికే అదే స్విచ్చున నుండును. అంతట అందఱికిని ఉద్దేశింపబడిన ప్యాకెట్టు తిరిగి తిరిగి తనను తానే పెంచుకొనగా, దీపములన్నియు ఒక్కుమ్మడి మినుకుమినుకుమనును, బిల్లుల కంప్యూటరు ముందు జనము నిలిచిపోవును. దీనికి విరుగుడుగా 1985లో ర్యాడియా పెర్ల్‌మన్ అను విదుషి స్పానింగ్ ట్రీ పద్ధతిని కనిపెట్టి, దానిపై ఒక పద్యమును గూడ వ్రాసెను. గణితమును పద్యములలో పెట్టిన పావులూరి మల్లన పుట్టిన భాషవారము, ఆ ముచ్చట మనకు వింతగా తోపరాదు. స్విచ్చులు రెండేసి సెకన్లకు పలుకరించుకొని, తమలో నొకదానిని మూలముగా నెన్నుకొని, చుట్టు తిరుగు దారిని మూసివేయును. ఎన్నికలో తక్కువ అంకె గలదే గెలుచును. అన్నిటికిని పుట్టుకతో 32768 అను సమానపు అంకె యుండుటచే, సరిసమానమైనప్పుడు చిరునామా అంకె చిన్నదైన స్విచ్చు, అనగా తఱచుగా మూలనున్న ముసలి స్విచ్చే, పెద్దఱికము వహించును. అందుచే పని తెలిసినవాడు ప్రధాన స్విచ్చునకు 4096 అని స్వయముగా వ్రాసి, కంప్యూటరు పోర్టులలో వేఱు స్విచ్చు తగిలినచో ఆ పోర్టు మూతపడునట్లు ఏర్పాటు చేయును.

మన ప్రాంతపు చిక్కులు వేఱే కలవు. పిడుగు రాగితీగ వెంబడి వచ్చి స్విచ్చును కాల్చును గనుక, రెండు భవనముల నడుమ గాజుతీగయే వేయవలెను. సిస్కో స్విచ్చులలో మార్పు చేసి భద్రపఱుపక మఱచినచో, కరెంటు పోయి వచ్చునప్పటికి పడిన శ్రమయంతయు గాలికి పోవును. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, తీగను విద్యుత్ స్తంభములమీదుగా లాగి చవుకగా పల్లెలకు చేరినది, మెచ్చదగిన యుక్తియే. కాని 2018 అక్టోబరు 11న పలాస దాపున తీరము దాటిన తిత్లీ తుపానువంటిది స్తంభములను కూల్చినప్పుడు కరెంటును నెట్‌ను కలిసియే పోవును. రూటరునకు రెండవ కనెక్షను పెట్టువారు అది అదే స్తంభముమీదుగా రాకుండ చూచుకొనవలెను. లేనిచో రెండు బిల్లులు కట్టి ఒక్క దారినే కొన్నవారగుదురు.

కావున పనివానికి కూలి లెక్కగట్టు దినమున, ఏ తీగ ఏ పోర్టునకు పోయినదో చూపు పటమును, పాస్‌వర్డుల కాగితమును, కాన్ఫిగరేషన్ నకలును అడిగి తీసికొని, బీరువాలో దస్తావేజుల సరసన పెట్టుకొనుడు. అవి చేతికి రానిదే తుది వాయిదా చెల్లింపకుడు.