ఆ ఏటి కారుకు ఆ ఏటి రేకు

పాత కారును మళ్లీ కొత్తదానిలా నిలబెట్టేవాళ్లు బోల్టు తల ఆకారం దగ్గర్నుంచి సీటు కుట్టు దాకా దేన్నీ వదలరు. అంత కష్టపడి, చివరికి దాని ముక్కుకు నిన్నమొన్నటి నంబర్ ప్లేటు తగిలిస్తే పని పాడైనట్టే. ఈ బాధ అర్థం చేసుకుని రాసిన నిబంధన ఒకటి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉంది. 1980 లేదా అంతకు ముందు మోడల్ కారు యజమాని, సరిగ్గా ఆ మోడల్ ఏడాదికి చెందిన అసలు కాలిఫోర్నియా ప్లేట్లను ఎక్కడైనా వెతికి తెచ్చుకుంటే, మామూలు ఫీజులతో పాటు 45 డాలర్లు కట్టించుకుని ఆ పాత నంబరునే కారుకు రాసిస్తారు. ఎవరి షెడ్డులోనో మేకుకు వేలాడిన రేకు మళ్లీ రోడ్డెక్కుతుంది. ఈ నిబంధనలోని నేర్పు తెలియాలంటే ముందు ఆ రేకు పుట్టుక తెలియాలి.

1914కు ముందు అక్కడ ప్రభుత్వం నంబరు మాత్రమే ఇచ్చేది. ప్లేటు సంగతి యజమాని చూసుకోవాలి. కొందరు తోలు ముక్కకు అంకెలు బిగించుకునేవారు, కొందరు లోహంతో చేయించుకునేవారు. 1914లో మొదటిసారి ప్రభుత్వమే ప్లేట్లు ఇచ్చింది. అవి ఎనామెల్ ప్లేట్లు. ఇనుప రేకు మీద గాజు పొడి పూత పూసి, బట్టీలో కాల్చితే పొడి కరిగి రేకుకు అంటుకుపోతుంది. దాని మీద అంకెల రంగు వేరే పూతగా వేసి మళ్లీ కాలుస్తారు. ఎరుపు మీద తెల్ల అంకెలతో వచ్చిన ఆ ప్లేట్ల నిగనిగ వందేళ్లు దాటినా తగ్గలేదు. వాటి బలహీనతల్లా ఒక్కటే, బోల్టు మరీ బిగిస్తే రంధ్రం చుట్టూ గాజు పెచ్చులూడుతుంది. అక్కడ తుప్పు మొదలవుతుంది.

1915లో రంగు మారింది, పసుపు మీద నలుపు. ఏటా రంగు మారిస్తే ఆ ఏటి సుంకం కట్టారో లేదో పోలీసుకు దూరం నుంచే తెలుస్తుంది. కానీ ఏటేటా గాజు కాల్చడం ఖర్చుతో కూడిన పని. 1916లో తెలుపు మీద నీలం అంకెల ప్లేటు ఇచ్చి, దానికో చిన్న లోహపు బిళ్ల తగిలించారు. ఆ ఏడు బిళ్ల ఎలుగుబంటి ఆకారంలో ఉంది. 1917లో పాపీ పువ్వు, 1918లో గంట, 1919లో నక్షత్రం. ప్లేటు కదలదు, బిళ్ల మాత్రం మారుతుంది. అంకె చదవనక్కర్లేకుండా ఆకారం చూసి ఏడాది చెప్పగలగడం నాకు ఎంతో నచ్చిన ఆలోచన.

ఎనామెల్ తర్వాత ఉబ్బెత్తు అంకెల ఉక్కు రేకు వచ్చింది. రేకును కొలతకు కత్తిరించి మొత్తానికీ నేపథ్యపు రంగు వేస్తారు. పైన ఒక అచ్చు, కింద దానికి సరిపోయే మరో అచ్చు. మధ్యలో రేకు పెట్టి ప్రెస్సుతో నొక్కితే అంకెలు పైకి లేస్తాయి. తర్వాత రంగు పూసిన రోలరు కింద నుంచి రేకును పంపుతారు. రోలరు ఎత్తుగా ఉన్నచోటే తగులుతుంది కాబట్టి స్టెన్సిల్ లేకుండానే అంకెలకు మాత్రం రంగు అంటుతుంది. ఆపైన వేడిలో ఆరబెడతారు. ఉబ్బెత్తు వల్ల పల్చటి రేకుకు బిగువు కూడా వస్తుంది. రంగంతా రాలిపోయినా వేలితో తడిమి నంబరు చెప్పొచ్చు.

ఒక పాత ప్లేటును దగ్గరగా పెట్టుకుని అంకె అంచు చూడండి. రంగు పైభాగం మీదే పరుచుకుని, వాలు మొదలయ్యేచోట ఆగిపోతుంది. కుంచెతో దిద్దిన రంగు అలా ఆగదు, వాలు మీదికి జారుతుంది. కాలిఫోర్నియా నిబంధన అసలు స్థితిలో ఉన్న ప్లేటునే కాదు, పరిమాణం, ఆకారం, రంగు అన్నీ నాటివాటితో సరిపోయేలా బాగుచేసిన ప్లేటునూ ఒప్పుకుంటుంది. అందుకే మంచి పనివాడు తుప్పు తీసి, సొట్టలు సరిచేసి, అడుగు పూత వేసి, నేపథ్యపు రంగు పట్టించాక, అంకెల దగ్గర కుంచె పక్కనపెట్టి రోలరే పడతాడు. మెరుపు కూడా నాటి పెయింటు మెరుపును మించకూడదు.

ఏడాదిని పట్టించుకోవడంలోనూ అంతే పట్టింపు. 1939 ప్లేటు మీద ఆ ఏడు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ట్రెజర్ ఐలండ్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన పేరు అచ్చయింది. 1939 కారుకు అదే కావాలి. 1942లో యుద్ధం కారణంగా లోహం పొదుపు చేయాల్సి వచ్చి, 1941 ప్లేటునే ఉంచి 42 అని అచ్చేసిన చిన్న బిళ్ల ఇచ్చారు. అమెరికాలో మామూలు కార్ల తయారీ ఆ ఏడు ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. అంతలోనే బయటికొచ్చిన ఆ కొద్ది కార్లకు 1941 రేకు, 42 బిళ్ల రెండూ కుదరాలి. 1963లో వచ్చిన నల్ల ప్లేటు మరికొన్నేళ్లు నడిచింది, ఏటా స్టిక్కరు మారింది. కాబట్టి 1965 మస్టాంగ్‌కు పసుపు అక్షరాల నల్ల ప్లేట్ల జతతో పాటు 1965 స్టిక్కరూ వెతకాలి. అంతా కుదిరినా, అదే నంబరు ఇప్పుడు మరో వాహనానికి లేదని తేలితేనే పని పూర్తవుతుంది.

ఇంత వెతుకులాట వద్దనుకునేవాళ్లకు అదే రాష్ట్రంలో చారిత్రక వాహనాల ప్లేటు వేరే ఉంది. 1922 తర్వాత తయారై, కనీసం 25 ఏళ్లు నిండి, చారిత్రక విలువ ఉన్నవాటికి అది దొరుకుతుంది. ఆ చట్టంలో ఒక చిన్న వాక్యం నన్ను ఆపేసింది. 1965కు ముందు తయారై, 16 లేదా అంతకు మించి సిలిండర్లున్న ఇంజిన్ కార్లను 1922, అంతకు ముందువాటి సరసన కూర్చోబెట్టింది. 1930లలోని కాడిలాక్, మార్మన్ కంపెనీల పదహారు సిలిండర్ల కార్లు గుర్తున్నవాళ్లెవరో రాసిన వాక్యం అది.

మన దేశంలో 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మారకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేస్తే రాష్ట్రం కోడ్, ఆ పక్కన వీఏ, ఆపైన రెండక్షరాల సిరీస్, నాలుగంకెలు. ఫీజు 20 వేల రూపాయలు, రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. ముందే రిజిస్టరైన వాహనం పాత నంబరునే ఉంచుకోవచ్చు. మన దగ్గర ప్లేటు ప్రభుత్వం అచ్చేసింది కాదు, చాలాకాలం పెయింటర్ చేతిరాతే. కాబట్టి ఏటికో రేకు వెతికే అవకాశం ఇక్కడ లేదు, నంబరు మిగిలితే అదే గొప్ప. తెలుగు రాష్ట్రాల్లో తాతల నాటి ఫియట్, అంబాసిడర్ ఉన్నవాళ్లు వీఏ సిరీస్ కోసం దరఖాస్తు పెట్టేముందు పాత ఆర్సీ పుస్తకం ఒకసారి వెతకడం మంచిది. పాత నంబరు అందులో ఉంటే కొత్తది అడగొద్దు.