పక్కమూత విప్పే నేర్పు

కొత్త వాహనాలను సత్యనారాయణస్వామి సన్నిధికి పూజకు తెచ్చే అన్నవరంలో, 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి పాత బుల్లెట్‌కు, తెల్లబారిన ఇంజిన్ పక్కమూతలను ఇంటి అరుగు మీదే విప్పి మెరుపు తేవడం కూడా మెచ్చదగిన పనే. స్క్రూల పొడవులు ఒక్కటి కావు గనుక, ఆయిల్ దించాక, మూత ఆకారాన్ని అట్టముక్క మీద గీసి, తీసిన ప్రతి స్క్రూనూ దాని చోటే గుచ్చి ఉంచడంలో సగం నేర్పు ఉంది. అతుకు వద్ద ఆయిల్ కారకుండా ఆపే పలుచని పొరను, అనగా ప్యాకింగును, అల్యూమినియం మీద గీత పడకుండా ఒలవడం మిగతా సగం. బఫింగ్, అంటే గుడ్డచక్రంతో రుద్ది నునుపు తేవడం, పెద్దపనిగా తోస్తుంది గానీ నిజానికి అదే తేలిక. రుద్దిన పొడి లోపల మిగిలితే బేరింగులను అరగదీస్తుంది కాబట్టి, మూతను కిరోసిన్‌తో కడిగి, కొత్త ప్యాకింగ్ వేసి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. పని కుదిరిందో లేదో మర్నాడు బండి కింద పరిచిన కాగితం చెబుతుంది.